మిరుగం నాడు కొయ్యని చేప

లచ్చయ్య శవం లక్సెట్టిపేట దగ్గర గోదావరి ఒడ్డున దొరికింది. మనిషి దుబాయ్ నుంచి వచ్చి వారం కూడా కాలేదు. కాళ్ళకు కొత్త బూట్లున్నాయి, చేతికి కొత్త వాచీ ఉంది, ప్రాణమే లేదు. నీళ్ళలో పడి చచ్చాడనుకున్నారు ఊరివాళ్ళు. డాక్టరు మాత్రం ఊపిరితిత్తుల్లో చుక్క నీరు లేదన్నాడు. మడమ పైన సూది గుచ్చినంత ఎర్రటి మచ్చ ఉందన్నాడు. చొక్కా జేబులో అరచేతిలో సగం ఉండే పొలుసు ఒకటి దొరికింది. చేప పొలుసే గానీ రంగు మాత్రం బంగారం.

మర్నాటికల్లా ఆ పొలుసు హైదరాబాద్‌లో, బోర్డు లేని ఒక ఆఫీసులో, చీఫ్ గోపాల్‌రావు బల్ల మీదికి చేరింది. స్మగ్లర్లు దేశంలోకి తెచ్చే జంతువుల సంగతి చూసే రహస్య విభాగం అది. దాన్ని సెక్షన్ అంటారు. అలాంటి ఆఫీసు ఒకటి ఉందని బయట ఎవరికీ తెలియదు. జీతాలు ఆలస్యమైన నెలల్లో లోపలివాళ్ళకూ ఆ అనుమానం వచ్చేది.

చీఫ్‌కు ఎదురుగా కూర్చున్నవాడి పేరు హనుమండ్లు. గూఢచారికి ఇదేం పేరయ్యా అంటారేమో, నేనేం చేసేది, వాళ్ళ నాయనమ్మ పెట్టుకున్న పేరు. సెక్షన్ రికార్డుల్లో ఏజెంట్ ఫోర్టీన్. హుజూరాబాద్ రైతుబిడ్డ. పొడుగు మనిషి, చూపు చురుకు. ఒకటే లోపం, మహా పిరికివాడు. ఆ సంగతి దాచుకునేవాడు కూడా కాదు. "నాకు భయమైతది సార్" అని ముందే చెప్పేసి, వెళ్ళి పని చేసుకొచ్చే రకం. భయం లేనివాళ్ళను పంపి ఇదివరకే ఇద్దరిని పోగొట్టుకున్నాడు గోపాల్‌రావు. అందుకే ఈసారి ఇతన్ని పిలిచాడు.

"ఏషియన్ అరోవానా," అన్నాడు చీఫ్ పొలుసును చూపిస్తూ. "మలయా అడవుల వాగులల్ల పుట్టే చేప. ఇంట్ల తొట్టిల పెట్టుకుంటే అదృష్టమని ఆ దిక్కు పైసలున్నోళ్ళ నమ్మకం. నమ్మకం పెరిగింది, చేప తగ్గింది. గిప్పుడు అంతరించిపోయే దాక వచ్చింది."

"మనకేం సంబంధం సార్?"

"అంతర్జాతీయ ఒప్పందం ఉంది. పన్నెండేండ్ల కింద మన దేశం గూడ సంతకం పెట్టింది. పర్మిట్ లేకుంట గీ చేపను సరిహద్దు దాటియ్యొద్దు. కని చట్టంల ఒక సందు ఉన్నది, హనుమండ్లూ. దేశంలకు తెచ్చుడు నేరం. తెచ్చినంక తొట్టిల ఏసుకొని, ఇది ఈడనే పుట్టింది అన్నడనుకో, కాదని మనం రుజువు చెయ్యలేం. చేప తొట్టిల పడ్డదంటే మన చెయ్యి దాటినట్టే."

"అంటే తెచ్చినోడు, తీసుకునేటోడు, చేప, మూడు ఒక్కతాన దొరకాలె."

"బతికిన చేప దొరకాలె. సచ్చినంక అది కేసుకు పనికిరాదు, కూరకే."

చీఫ్ నవ్వలేదు. ఫైలు తిప్పాడు. పినాంగ్ ముఠా. నాయకుణ్ణి అందరూ మాస్టర్ అంటారు. ఫోటో లేదు. వాడి తాతలు ఏనాడో రబ్బరు తోటలకు పోయిన తెలుగువాళ్ళు. "మన మాట మన లెక్కనే మాట్లాడ్తడు. ధోతి కడ్తడు, బీడీ తాగుతడు. నీ పక్కన నిలబడ్డా నువ్వు గుర్తుపట్టలేవు. లచ్చయ్య తోని ఇంకో పిలగాడు గూడ వచ్చిండు. పేరు రాజం. ఇద్దరి పాస్‌పోర్టులు దుబాయ్‌ల గుంజుకొని చేపల డబ్బా మోపిచ్చిన్రు. లచ్చయ్య మనకు ఖబర్ పంపిండు, గట్లనే పోయిండు. చేపలు గిప్పుడు రాజం కాడ ఉన్నయ్. అవి మాస్టర్ చేతికి పొయ్యేదాకనే వాని ఆయుష్షు."

హనుమండ్లు భయపడుతూనే అడిగాడు. "తర్వాత?"

"తర్వాత గోదావరే. రాజం తల్లి బుచ్చవ్వకు మాటిచ్చిన, కొడుకును ఇంటికి తోలుతనని. గది నీ పని. చేతులు మారేది మిరుగం నాడు పొద్దుగాల, కరీంనగర్ చేపల మార్కెట్ల."

మృగశిర కార్తె మొదలయ్యే రోజును అక్కడ మిరుగం అంటారు. ఆ రోజు చేప తినని ఇల్లు ఉండదు. ఎండలు పోయి వానలు వచ్చే వేళ చేప తింటే ఏడాదంతా రోగం రొష్టు దగ్గరికి రావని నమ్మకం. ఊరు ఊరంతా చేపల సంచులతోనే తిరుగుతుంది. ఆ రోజు చేతిలో చేప లేనివాణ్ణే జనం వింతగా చూస్తారు. ముఠా ముహూర్తం బాగానే పెట్టింది.

"లోపల మన మనిషి ఉంది," అన్నాడు చీఫ్. "ప్రమోదిని. కరీంనగర్ దొరల బిడ్డ, బొంబాయిల చదివింది. ముఠా కార్ నడుపుతది. మాస్టర్ చేప అందుకున్న క్షణం నల్ల గాగుల్స్ తీస్తది. అదే సిగ్నల్."

"ఆమెను నమ్మొచ్చునా సార్?"

గోపాల్‌రావు ఫైలు మూశాడు. "లచ్చయ్య నమ్మిండు," అన్నాడు.

పోయేముందు ఒక పరికరం చేతికిచ్చారు. చూడటానికి ఇనుప కిలో బాటు, కాంటాలో వేసి తూకం చూసేది. లోపల మాత్రం బోలు, అందులో వైర్‌లెస్ ఉంది. పైనున్న రింగు తిప్పితే మార్కెట్ బయట వ్యాన్‌లో ఉన్న మనవాళ్ళకు బీప్ వినిపిస్తుంది. దాన్ని తయారుచేసిన ఇంజనీరుకు తన తెలివి చూసి తనకే ముచ్చటేసింది. కానీ ఆ మహానుభావుడు జన్మలో ఎప్పుడూ సంతకు పోయి కూరగాయలు కొన్నట్టు లేదు.

* * *

లుంగీ, బనీను, తలకు తువ్వాల, పెట్టుడు మీసం. చేపల కుప్ప ముందు హనుమండ్లు కూర్చున్నాడు. మార్కెట్ కిక్కిరిసిపోయింది. కోసేవాళ్ళ వరుసలో ఆడవాళ్ళు కత్తిపీటలు వేసుకుని, చేపకు బూడిద రుద్ది, గీకి, ముక్కలు చేసి సంచుల్లో వేస్తున్నారు. వచ్చిన ప్రతివాడూ ఒకటే అడుగుతున్నాడు.

"కొర్రమట్టలు ఉన్నయా?"

"లేవన్నా, తెల్లారకముందే ఐపోయినయ్."

"మిరుగం నాడు కొర్రమట్ట లేకుంటెట్లయ్యా?" అని విసుక్కుంటూ పోతున్నారు. కొర్రమట్ట అంటే కొరమీను, అది దొరికినవాడు ఆ రోజు రాజే.

హనుమండ్లుకు భయంగా ఉంది. కత్తులూ తుపాకులూ ఒక భయం. అంతకన్నా పెద్ద భయం ఇంకొకటి ఉంది. ఈ జిల్లాలో కొత్త మనిషి కనిపిస్తే ముందు ఏ ఊరంటారు, తరవాత ఎవరి కొడుకువంటారు, మూడో మాటకు ఏదో ఒక చుట్టరికం తేలుస్తారు. పైగా అతని మేనత్త సత్తమ్మ ఉండేది ఈ ఊళ్ళోనే. ఆ మాట చీఫ్‌కు చెప్తే, మీసం కొంచెం పెద్దది పెట్టుకో అన్నాడాయన.

ఒక ముసలాయన కాంటా వంక అనుమానంగా చూశాడు. "గీ బాటు జర తేలిక ఉన్నట్టుందేంది?" హనుమండ్లు గబగబా ఇంకో చేప సంచిలో వేసి పంపించేశాడు.

అప్పుడు కనిపించాడు రాజం. బోరింగు దగ్గర నీలం డబ్బా పట్టుకుని నిలబడ్డాడు. పట్టుమని పాతికేళ్ళు లేవు. పెదాలు పాలిపోయాయి. పక్కనుంచి ఎవరు పోయినా ఉలిక్కిపడి వాళ్ళ మొహంలోకి చూస్తున్నాడు. ఇందులో నన్ను చంపేవాడు ఎవడు అని వెతుక్కుంటున్నట్టుంది ఆ చూపు.

గేటు దగ్గర తెల్ల ఫియట్ ఆగి ఉంది. దానికి ఆనుకుని నెమలికంఠం రంగు పట్టుచీరలో ప్రమోదిని. కళ్ళకు నల్ల గాగుల్స్. ఇంత నీచువాసనలోనూ ఆమె సెంటు వాసన తెలుస్తూనే ఉంది. హనుమండ్లు ఆమె గాగుల్స్ మీదే చూపు పెట్టి, బాటు రింగు మీద వేలు పెట్టి కూర్చున్నాడు.

"ఓరి... నువ్వు మా హనుమండ్లువు కాదారా?"

ఆ గొంతు వింటే అతనికి చిన్నప్పుడే జ్వరం వచ్చేది. తలెత్తి చూస్తే నడుం మీద చెయ్యి పెట్టుకుని సత్తమ్మ.

"కాదమ్మా, ఎవరనుకున్నరో..."

"మీసం పెట్టుకుంటే ఎరుకపట్టననుకున్నవా? మా అన్న ముక్కే గది! సర్కార్ నౌకరని మీ బాపు ఊరంత చెప్పుకున్నడు గదరా! గియ్యాల ఈడ కూసొని చేపలమ్ముతున్నవ్! నౌకరి పోయిందా కొడుకా?"

చుట్టూ జనం తిరిగి చూశారు. ఆ చూసేవాళ్ళలో మాస్టర్ ఉంటే? హనుమండ్లు చేతులు జోడించాడు. "అత్తా, నీ కాళ్ళు మొక్కుత, జర మెల్లగ!"

"మెల్లగెందుకురా, సిగ్గయితుందా?" సత్తమ్మ వంగి బాటు చేతిలోకి తీసుకుంది, ఎగరేసి పట్టింది. ఆమె మొహం మారిపోయింది. "గిది కిలనారా? మూడు పావులు గూడ లేదు! తూకంల గూడ దగనా? మన ఇంటా వంటా ఉన్నదా గిసొంటి పని? ఉండు, మీ బాపుకే చూపిస్త దీన్ని." వైర్‌లెస్ సెట్టును బట్ట సంచిలో పడేసుకుని సంచి మూతి ముడివేసింది.

హనుమండ్లు చప్పున బోరింగు వైపు చూశాడు. రాజం లేడు, డబ్బా లేదు.

గేటు వైపు చూశాడు. ప్రమోదిని అలాగే నిలబడి ఉంది. గాగుల్స్ కళ్ళమీదే ఉన్నాయి.

తియ్యలేదు. చేతులు మారాయి, ఆమె తియ్యలేదు. లచ్చయ్యను అమ్మేసినట్టే ఈ పిల్లాణ్ణీ అమ్మేసిందన్నమాట. ఎటు చూసినా ధోవతులు, తువ్వాళ్ళు, సంచులు, చేపలు. ఇందులో వాణ్ణి ఎక్కడని వెతకడం? ఇంకాసేపట్లో ఆ పిల్లాడి మడమ మీద ఎర్ర మచ్చ పడుతుంది. బుచ్చవ్వకు మొహం ఎలా చూపించాలి? భయంతో అతనికి నిజంగానే ఏడుపొచ్చింది.

"ఏడువు, ఏడువు. దగ చేసేటప్పుడు సోయి ఉండాలె," అంది సత్తమ్మ. "నీ చేపలు నాకొద్దు. ఒకడు తూకంల దగ చేస్తడు, ఇంకోడు పెండ్లాన్ని చాకిరితోని సంపుతడు! గా నల్ల చత్తిరాయన లేడూ, బోరింగు కాడ, బతికిన చేపలను నీళ్ళ డబ్బతోనే పట్టిచ్చుకొని పోతుండు. కోసేటోళ్ళు రమ్మని పిలుస్తుంటె గూడ వద్దన్నడు. మిరుగం నాడు కొయ్యకుంట తీస్కపోతడా ఎవడన్న? ఇంటికాడ పిల్లలు ఆకలికి ఆగుతరా?"

హనుమండ్లు ఏడుపు ఠక్కున ఆగింది.

నిజమే. చేప కొన్న ప్రతివాడూ కోసేవాళ్ళ వరుసకే పోతున్నాడు. ఇంట్లో పొయ్యి మీద చింతపులుసు ముందే మరుగుతుంటుంది. ఈ రోజు కొయ్యని చేపతో గడప తొక్కితే ఇంటి ఆడవాళ్ళు ఊరుకోరు. మాస్టర్ మాట నేర్చుకున్నాడు, ధోవతి కట్టడం నేర్చుకున్నాడు, బీడీ పీల్చడం నేర్చుకున్నాడు. కానీ మిరుగం నాడు చేప పట్టుకుని ఇంటికి పోవాల్సిన అవసరం వాడికి ఏనాడూ రాలేదు.

అదిగో, నల్ల గొడుగు. నెరిసిన జుట్టు, తెల్ల ధోవతి, భుజాన తువ్వాల. మేనమామలా రాజం భుజం మీద చెయ్యి వేసి ఫియట్ వైపు నడిపించుకుపోతున్నాడు. డబ్బా రాజం చేతిలో ఉంది. గొడుగు మొన నేలకు ఆనడం లేదు. రాజం మడమ పక్కనే గాల్లో ఊగుతోంది. లచ్చయ్య మడమ మీద మచ్చ పెట్టిన విషపు సూది ఉండేది అందులోనే.

పోలీస్ అని అరిస్తే పొడిచేస్తాడు. పరుగెత్తితే చూసి పొడిచేస్తాడు. వ్యాన్‌కు కబురు పంపుదామంటే బాటు అత్త సంచిలో ఉంది. హనుమండ్లుకు పళ్ళు టకటకా కొట్టుకున్నాయి. ఆ భయంలోనే, పొద్దుటినుంచి జనం తన ప్రాణం తోడేసిన మాట గుర్తొచ్చింది. లేచి నిలబడి గొంతు చించుకున్నాడు.

"కొర్రమట్టలు! బతికిన కొర్రమట్టలు! గా నల్ల చత్తిరి పెద్దాయన కాడ! ఐపోతున్నయ్, ఉరుకుండ్రి!"

ఒక్క క్షణం మార్కెట్ మార్కెటంతా నల్ల గొడుగు వైపు తిరిగింది. ఆ తరవాత ఇక చెప్పేదేముంది! కరీంనగర్ కరీంనగరంతా వాడి మీద పడింది.

"పెద్దాయనా, ఎంతకిస్తవ్?" "నాకొకటి తియ్యే!" "నేను ముందుగాల వచ్చిన!"

"అమ్మేటియి కావయ్యా! కొర్రమట్టలు కావు!" అని మాస్టర్ చక్కటి తెలంగాణ మాటలో మొత్తుకున్నాడు. ఎవడు నమ్ముతాడు? దాచుకున్నవాడు అలాగే అంటాడు. పది చేతులు డబ్బాలోకి దూరాయి. రాజం కింద పడి, రెండు చేతులతో మడమలు కప్పుకుని ముడుచుకుపోయాడు. మాస్టర్ మోచేత్తో జనాన్ని నెట్టి, పళ్ళు కొరికి, గొడుగు పైకెత్తి రాజం కాలికి గురిచూశాడు.

"ఆడోళ్ళను నూకుతవార!" సత్తమ్మ సంచి గాల్లో ఒక చుట్టు తిరిగి వాడి మణికట్టు మీద పడింది. మూడు పావులే అయినా ఇనుము ఇనుమే కదా. గొడుగు ఎగిరిపోయింది. హనుమండ్లు ఎలా వచ్చి పడ్డాడో, దాన్ని కాలికింద తొక్కిపట్టాడు. ఆ దెబ్బకు సంచిలో రింగు తిరిగినట్టుంది, బయట వ్యాన్ తలుపులు దడదడా తెరుచుకున్నాయి.

మాస్టర్ పాములా జారి ఫియట్‌లో దూరాడు. "నడుపు!"

"చాబీ చేపల కుప్పల ఏసిన, మాస్టర్," అంది ప్రమోదిని. వాడి చెవి దగ్గర చిన్న పిస్తోలు ఉంది. రెండో చేత్తో అప్పుడు తీసింది గాగుల్స్. కళ్ళు ఏడ్చి ఏడ్చి ఎర్రబడి ఉన్నాయి.

"ముందుగాలనే ఎందుకు తియ్యలే మేడం?" అన్నాడు హనుమండ్లు రొప్పుతూ.

"చత్తిరి మొన పిలగాని కాలు కాడనే ఉండె. నేను తీస్తే మీరు ఉరికొస్తరు, వీడు పొడుస్తడు. లచ్చయ్యకు గట్లనే అయింది. నేను గాగుల్స్ తీసిన. లచ్చయ్య తప్పిచ్చుకుందామని ఉరికిండు, వీడు పొడిచిండు." అనుమానించినందుకు హనుమండ్లుకు సిగ్గేసింది.

వ్యాన్‌వాళ్ళు వచ్చి బేడీలు బయటికి తీశారు. మాస్టర్ మాత్రం నవ్వాడు. "దేనికి బేడీలు? చేపల మార్కెట్‌కు వచ్చుడు నేరమా? ఏది చేప?"

నీలం డబ్బా బోర్లా పడి ఉంది. లోపల చుక్క నీరు లేదు. చేప లేకపోతే కేసు లేదు. కేసు లేకపోతే సాయంత్రానికి వీడు బయటికొస్తాడు, వారంలో రాజం గోదావరిలో తేలుతాడు. హనుమండ్లు పిచ్చివాడిలా నలువైపులా చూశాడు. సత్తమ్మ ఏది? అందరికన్నా ముందు ఉరికింది ఆమే కదా?

కోసేవాళ్ళ వరుసలో ఉంది సత్తమ్మ. "జర సన్న ముక్కలు కొయ్యే," అంటోంది. ఒక చేప ఆమె తడి సంచిలో కొట్టుకుంటోంది. రెండోదానికి బూడిద రుద్దడం అయిపోయింది. బూడిద కింద బంగారం మెరుస్తోంది. కోసే ఆమె కాలితో పీట తొక్కిపట్టి, చేప మెడను కత్తి అంచుకు ఆనించింది.

హనుమండ్లు జీవితంలో మొదటిసారి, భయమైతది అని చెప్పకుండానే దూకాడు. కత్తికీ చేపకూ మధ్య అతని అరచెయ్యి పడింది. నెత్తురు చిమ్మింది. చేప ఎగిరి అతని ఒళ్ళో పడి, నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచింది.

"నీళ్ళు! నీళ్ళు తెండ్రి! అత్తా, గిది సర్కారుది!"

రెండు చేపలూ బకెట్లో పడ్డాయి. కాసేపు పక్కకు ఒరిగి ఉన్నాయి. మార్కెట్ అంతా ఊపిరి బిగబట్టి చూసింది. బూడిద కడిగినకొద్దీ బంగారు పొలుసులు బయటపడ్డాయి. ముందు ఒకటి తోక ఆడించింది, తరవాత రెండోది. మాస్టర్ నవ్వు ఆగిపోయింది. తెచ్చినవాడు, తీసుకున్నవాడు, చేప, మూడూ ఒక్కచోటే, బతికే ఉన్నాయి.

* * *

రాజం అప్రూవర్‌గా సంతకం పెట్టాడు. చేపలను వాటి దేశానికి పంపాలంటే రెండు ప్రభుత్వాల పర్మిట్లు రావాలి. అంతదాకా వాటిని ఎక్కడ పెట్టాలో ఏ అధికారికీ తోచలేదు. చివరికి ఆ మధ్యాహ్నమే కోర్టువారు సత్తమ్మ పెరట్లో ఉన్న పెద్ద నీళ్ళ హౌజును చూపించి, చేపల్ని ఉంచుకోవడానికి ఆమె పేరు మీదే అనుమతి రాసిచ్చారు.

సాయంత్రం ఆ ఇంట్లో అందరూ భోజనానికి కూర్చున్నారు. లక్సెట్టిపేట నుంచి బుచ్చవ్వ వచ్చింది. వచ్చినప్పటినుంచి కొడుకు చెయ్యి వదల్లేదు. అన్నం కూడా ఆమే కలిపి పెడుతోంది. మధ్యమధ్య వంగి వాడి మడమలు చూస్తోంది. ఆమె చూసిన ప్రతిసారీ హనుమండ్లు, కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, తల దించుకుని కళ్ళు తుడుచుకున్నాడు.

సత్తమ్మ గిన్నె తెచ్చి అతని పక్కన కూలబడింది. సంచిలోంచి బాటు తీసి అతని ముందు పెట్టింది.

"పోలీసువో, జాసూసువో, నువ్వేం నౌకరి చేస్తవో నాకు ఎరుకలే. కని తూకంల దగ చెయ్యకు కొడుకా."

"చెయ్యనత్తా."

"తిను మరి," అంటూ కంచంలో పప్పుచారు పోసింది. ఆ ఏడు మిరుగం నాడు కరీంనగర్ మొత్తంలో పప్పుచారు తిన్న ఇల్లు అదొక్కటే. సర్కారు అనుమతితో చేపలున్న ఇల్లు కూడా అదొక్కటే.